మ్యాప్‌కి తెలియని ట్రాఫిక్: మదనపల్లె నుంచి కుప్పం దాకా

సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ట్రిప్. పోయిన డిసెంబర్‌లో మేం నలుగురం కూడా అలాగే బయల్దేరాం. పొద్దున మదనపల్లెలో టిఫిన్, తర్వాత హార్సిలీ హిల్స్, మధ్యాహ్నం పుంగనూరు, సాయంత్రం కైగల్ జలపాతం, రాత్రికి కుప్పం. గూగుల్ మ్యాప్స్‌లో టైమ్ చూసి కూడితే అన్నీ చక్కగా సరిపోయాయి. ఆ రోజు ఆదివారం అన్న సంగతి మాత్రం లెక్కలో వేసుకోలేదు. ప్లాన్ ఎందుకు తప్పిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే, మన క్లాసులో చదివిన విషయాలే చాలా కనిపించాయి. అవే ఇక్కడ చెప్తాను.

కొండమీద క్యూ

హార్సిలీ హిల్స్ మదనపల్లెకి సుమారు 30 కిలోమీటర్లు. ఎత్తు 1,265 మీటర్లు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఈ ప్రాంతం కడప జిల్లాలో ఉన్న రోజుల్లో అక్కడి కలెక్టర్ హార్సిలీ కొండమీద ఇల్లు కట్టుకున్నాడు, ఆయన పేరే నిలిచిపోయింది.

ఘాట్ రోడ్డు సగం ఎక్కామో లేదో, కార్లు ఆగిపోయాయి. ఇది ఎందుకు జరుగుతుందో లిటిల్స్ లా చెబుతుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది: లోపల ఉండేవాళ్ళ సంఖ్య = వచ్చే వేగం × ఒక్కొక్కరు ఉండే సమయం. ఉదాహరణకి గంటకి 60 కార్లు వస్తున్నాయి, ఒక్కో కారు పైన రెండు గంటలు ఉంటుంది అనుకుందాం. అంటే ఎప్పుడు చూసినా పైన 120 కార్లు ఉంటాయి. పార్కింగ్‌లో 80కే చోటుంటే మిగతా 40 ఎక్కడ ఉంటాయి? రోడ్డుమీదే. ఆ ఆగిన కార్ల వల్ల దిగేవాళ్ళు దిగలేరు. దాంతో అందరూ ఉండే సమయం పెరుగుతుంది, కార్ల సంఖ్య ఇంకా పెరుగుతుంది. సర్వర్ హ్యాంగ్ అయ్యేదీ అచ్చం ఇలాగే.

ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి

మా ప్లాన్‌లో ఒక పని అయితేగానీ రెండోది మొదలవదు. మధ్యలో ఖాళీ టైమ్ అసలు పెట్టుకోలేదు. కొండ దిగేసరికే మూడు గంటలు లేటు. పుంగనూరులో పొట్టి ఆవుల్ని చూడాలన్నది నా కోరిక. పెద్దయ్యాక కూడా సుమారు మూడడుగులే ఉండే ఆవులవి. చూడకుండానే ఊరు దాటేశాం. పలమనేరు దాటేసరికి చీకటి పడింది.

"ఇంకెంత, గంటన్నరలో కుప్పంలో ఉంటాం" అన్నాడు మా డ్రైవర్ ఫ్రెండ్, స్పీడ్ పెంచుతూ. అడవి మొదలయ్యే ముందు ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టు పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "యాడికి నాయనా ఈ పొద్దులో?" అని అడిగాడు. చెప్పాం. "గుంపు దిగిందని సాయంత్రమే చాటింపు వేసినారు. పిల్ల ఏనుగులు కూడా ఉండాయి. ఇప్పుడు పోవద్దండప్పా" అన్నాడు. పోయినేడు ఆయన వరిమడిని ఒక్క రాత్రిలో తొక్కేశాయట.

అడవికీ కెపాసిటీ ఉంటుంది

ఆ అడవి కౌండిన్య అభయారణ్యం. ఆంధ్రాలో రెండు వందల ఏళ్ళుగా అడవి ఏనుగులు లేవంటారు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఇటు వచ్చి ఉండిపోయాయి. వాటికోసమే 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. వినడానికి పెద్దదే. కానీ ఒక పెద్ద ఏనుగు రోజుకి 150 కిలోల దాకా మేత తింటుంది. ఇది ఎండు అడవి, చుట్టూ పొలాలు. పైగా ఏనుగుల గుంపుకి పెద్ద ఆడ ఏనుగు దారి చూపిస్తుంది. ఎక్కువగా తన తల్లి నడిచిన దారిలోనే అదీ నడుస్తుంది. మధ్యలో రోడ్డు వేస్తే మనకిలా ఇంకో రూట్ వెతుక్కోవడం వాటికి అంత తేలిక కాదు.

2023 జూన్‌లో పలమనేరు దగ్గర హైవేమీద రాత్రిపూట లారీ గుద్ది మూడు ఏనుగులు చనిపోయాయి. ఇది ఎలా జరుగుతుందో లెక్క వేద్దాం. గంటకి 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 22 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని చూసి బ్రేక్ మీద కాలు వేయడానికి సెకనున్నర పడితే, బండి అప్పటికే 33 మీటర్లు ముందుకెళ్ళిపోతుంది. ఆ తర్వాతే వేగం తగ్గడం మొదలవుతుంది. చీకట్లో, నల్లటి తారు రోడ్డుమీద, బూడిదరంగు ఏనుగు. మేం వెళ్ళాలనుకున్నది దాదాపు ఆ స్పీడ్‌తోనే.

గుంపుల్ని పొలాల నుంచి అడవిలోకి మళ్ళించడానికి 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగుల్ని తెచ్చారు. మంచిదే. కానీ రాత్రిపూట రోడ్డుమీద స్పీడ్ తగ్గించాల్సింది మనమే.

మరి ప్లాన్ ఎలా వేయాలి?

ఒకటి, రోజుకి ఒక్క పెద్ద చోటు చాలు. రెండు, కొండమీదకి వెళ్ళాలంటే ఆదివారం కాకుండా మామూలు రోజు, అదీ తెల్లవారుజామునే వెళ్ళాలి. సూత్రంలో వచ్చే వేగం తగ్గితే పైన ఉండే కార్ల సంఖ్య కూడా తగ్గుతుంది. మూడు, అడవి రోడ్డుని పగలే దాటేలా వెనక నుంచి లెక్క వేసుకోవాలి. నాలుగు, దారిలో ఉండే ఊరివాళ్ళని అడగాలి. ఏనుగులు ఎక్కడున్నాయో మ్యాప్ చెప్పదు, టీ కొట్టు పెద్దాయన చెప్తాడు.

మేం వెనక్కి తిరిగి పలమనేరులో ఫ్రెండ్ వాళ్ళ అత్త ఇంటికి వెళ్ళాం. ఆవిడ రాగిసంగటి, ఊరిబిండి పెట్టి, మధ్యమధ్యలో తిట్టింది కూడా. పొద్దున అదే రోడ్డుమీద కుప్పం వెళ్తుంటే ఒక మలుపు దగ్గర ఏనుగు లద్దె, పక్కనే విరిగిన కొమ్మలు కనిపించాయి. లద్దె ఇంకా ఆరలేదు. కారులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా డ్రైవర్ ఫ్రెండ్ మెల్లగా నలభైకి దించాడు. ఎవరూ చెప్పకుండానే.