బోరు మోటారు ఎందుకు కాలుతుంది?

పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, కుప్పం. పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో బోరు వెయ్యి అడుగులు దాటడం ఇప్పుడు వింతేమీ కాదు. అంత లోతు నుంచి టమాటాకు, మల్బరీకి నీళ్లు తోడేది మూడు ఫేజుల సబ్‌మెర్సిబుల్ మోటారు. ఎండాకాలం ఏ పల్లెలో అడిగినా ఒక మాట వినబడుతుంది: “లో వోల్టేజీకి మోటారు కాలిపోయింది.” వోల్టేజీ తగ్గితే మోటారు మెల్లగా తిరగాలి గానీ కాలడమేమిటి? పదో తరగతి లెక్క వచ్చినవాళ్లెవరైనా దీన్ని తేల్చుకోవచ్చు. తేల్చుకోవాలి కూడా, ఎందుకంటే కాలిన మోటారును పైకి లాగించి రీవైండింగ్ చేయించే ఖర్చు రైతుదే.

ముందు సులువైన లెక్క చూద్దాం. బకెట్లో పెట్టే వాటర్ హీటరు 1000 వాట్లది. ఇంటి కరెంటు 230 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే 4.35 ఆంపియర్లు వస్తాయి. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే రెసిస్టెన్సు, సుమారు 53 ఓములు. జర్మనీలో గియోర్గ్ ఓమ్ 1827లో అచ్చు వేయించిన సూత్రం ఇదే. వోల్టేజీ 180కి పడిపోయినా ఆ 53 ఓములు అలాగే ఉంటాయి. కాబట్టి కరెంటు 3.4 ఆంపియర్లకు, పవరు దాదాపు 612 వాట్లకు దిగుతాయి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే. హీటరుకు ఏ ప్రమాదమూ లేదు.

మోటారు అలా ఊరుకోదు. పైపులో ఉన్న నీటి బరువు వోల్టేజీతో పాటు తగ్గదు, అది మోసి తీరాల్సిందే. ఏడున్నర హెచ్‌పీ మోటారు తీసుకుందాం. హెచ్‌పీకి 746 చొప్పున షాఫ్టు దగ్గర సుమారు 5600 వాట్లు కావాలి. మోటారు సామర్థ్యం 75 శాతం అనుకుంటే లైను నుంచి లాగేది దాదాపు 7460 వాట్లు. మూడు ఫేజుల్లో పవరు అంటే 1.732ను వోల్టులతో, ఆంపియర్లతో, పవర్ ఫ్యాక్టరుతో గుణించాలి. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే 415 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు తేలుతాయి. అదే పని 330 వోల్టులతో చేయాలంటే 16.3 ఆంపియర్లు కావాలి. వైండింగులో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనక అది ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. సబ్‌మెర్సిబుల్ వైండింగు తీగకు ఉండేది ప్లాస్టిక్ పొర. అది మెత్తబడితే తీగా తీగా కలిసిపోతాయి.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. తిరుగుతున్న మోటారులో ఒక ఫేజు వోల్టేజీ 240ని (415ను 1.732తో భాగిస్తే వచ్చేది) 13తో భాగిస్తే 18 ఓములు వస్తాయి. కానీ మోటారు ఆపి మల్టీమీటరు పెట్టి చూస్తే వైండింగు రెసిస్టెన్సు కొద్ది ఓములే. లెక్కలో తప్పేమీ లేదు. తిరిగేటప్పుడు మోటారు తనలోనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, కరెంటును అదుపులో పెట్టేది ప్రధానంగా అదే. ఇసుక పట్టి రోటరు బిగుసుకుంటే ఆ ఎదురు వోల్టేజీ ఉండదు, కరెంటు ఐదారు రెట్లు ఎగబాకుతుంది. స్టార్టు చేసిన తొలి క్షణాల్లోనూ ఇదే జరుగుతుంది. అందుకే ఆటో స్టార్టర్లు నష్టం చేస్తాయి. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది పది మోటార్లూ ఒక్కసారే లేస్తే, 13 ఆంపియర్లవి ఒక్కొక్కటీ డెబ్బై దాకా లాగుతాయి. లైనులో వోల్టేజీ కుప్పకూలి, ఏదీ సరిగా వేగం అందుకోదు.

స్టార్టరు డబ్బా మీద రెండు ముళ్లుంటాయి, ఒకటి వోల్టులకు, ఒకటి ఆంపియర్లకు. చాలామంది వోల్టుల ముల్లు చూసి బటన్ నొక్కి కయ్యలోకి వెళ్లిపోతారు. రెండూ కలిపి చూస్తేనే సంగతి తెలుస్తుంది. వోల్టులు తగ్గి ఆంపియర్లు పెరిగితే దోషం లైనుది. వోల్టులు సరిగా ఉండి ఆంపియర్లు పెరిగితే మోటారో పంపో బిగుస్తోంది. వోల్టులు సరిగా ఉండి ఆంపియర్లు బాగా పడిపోతే బోరులో నీళ్లు అడుగంటాయి. అప్పుడు భారం తగ్గినా మోటారును చల్లబరిచే నీళ్లుండవు కాబట్టి వెంటనే ఆపాలి. ఒక ఫేజు పోతే మిగిలిన రెండింట్లో కరెంటు ఇంచుమించు 1.7 రెట్లవుతుంది. దీనికి మాత్రం ముల్లును నమ్ముకుని కూర్చోకూడదు, ఫేజు పోగానే మోటారును ఆపేసే ప్రివెంటరు ఉండాల్సిందే.

రైతు చేతిలో ఉన్నది ఇంకోటి, కేబులు. వెయ్యి అడుగులంటే 300 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులైతే ఒక్కో తీగ రెసిస్టెన్సు రెండు ఓములు దాటుతుంది. 13 ఆంపియర్ల దగ్గర మూడు తీగల్లో కలిపి సుమారు 1050 వాట్లు వేడిగా పోతాయి, మోటారును చేరేలోపే 37 వోల్టులు తగ్గుతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం 650 వాట్లు, తగ్గేది 23 వోల్టులు. 2004 మే 14న ఉచిత విద్యుత్తు ఫైలుపై తొలి సంతకం పడినప్పటి నుంచి రైతుకు ఈ వాట్ల బిల్లు కనబడటం లేదు గానీ, ఆ వోల్టుల లోటు మాత్రం వైండింగు భరిస్తోంది.

లైను వైపు బాధ్యత కరెంటు పంపిణీ చేసే డిస్కంది. తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ చేపట్టిన హెచ్‌వీడీఎస్ పద్ధతిలో 11 కేవీ తీగను పొలం దాకా తెచ్చి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. అదే పవరును 415కు బదులు 11,000 వోల్టుల్లో పంపితే ఆంపియర్లు 26వ వంతుకు, అంతే మందం తీగలో వేడి నష్టం ఇంచుమించు 700వ వంతుకు దిగుతాయి. స్టార్టరు దగ్గర కెపాసిటరు పెడితే పవర్ ఫ్యాక్టరు 0.95కు చేరి, లైను మీద 13 ఆంపియర్లు 11 అవుతాయి. అయితే ఆ మేలు స్టార్టరుకు వెనకున్న లైనుకూ ట్రాన్స్‌ఫార్మరుకూ మాత్రమే. బోరులోకి దిగే కేబులులో ఆ 13 ఆంపియర్లూ అలాగే పారుతాయి.