ద్రాక్ష ఎగుమతి - తోట లెక్క పుస్తకము



ద్రాక్ష మనకు కొత్త పంట కాదు. హైదరాబాదు పరిసరములు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షకు పేరొందినవి. ఊరి అంగడిలో కొనువాడు పండును చూచి, రుచి చూచి కొనును. సముద్రము దాటు పండు సంగతి వేరు. దానిని తినువాడు మీ తోటను ఎన్నడును చూడడు. పండులో ఏ మందు ఎంత మిగిలినదో కంటికి కనబడదు. కావున ఆ పండు ఏ తోటలోనిది, దానిపై ఏమి చల్లిరి అను వివరము పండుతోపాటు ప్రయాణము చేయవలెను.

2003లో మన ద్రాక్షలో మెథోమిల్ వంటి పురుగు మందుల అవశేషములు హద్దు మించి యున్నట్లు ఐరోపాలో కనుగొనిరి. ఆ పిమ్మట 2006లో అపెడా సంస్థ గ్రేప్‌నెట్ అను కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టినది. అది పనిచేయు విధము ఇది:

1. ఎగుమతి చేయదలచిన ప్రతి తోటను రాష్ట్ర శాఖ వద్ద నమోదు చేయించి, ఒక సంఖ్యను పొందవలెను.

2. కోతకు ముందు ప్రయోగశాల వారు తోటలో నమూనా తీసి, మందుల అవశేషములను పరీక్షించి, ఫలితమును కంప్యూటరులో ఎక్కింతురు. హద్దు మించిన తోట పండు ఐరోపాకు పోరాదు.

3. కోసిన పండును గుర్తింపు పొందిన ప్యాకింగు శాలలో పెట్టెల కెత్తి, త్వరగా చల్లబరచి, 0 - 1 డిగ్రీ సెంటీగ్రేడు వద్ద నిలువ చేయుదురు. పెట్టెల దొంతరపై గల సంఖ్యను బట్టి వెనుకకు పోయినచో, పండు ఏ తోటదో తెలియును.

ఇంత ఏర్పాటున్నను 2010లో గొప్ప చిక్కు వచ్చినది. తీగ పెరుగుదలను అణచి, గుత్తులు ఎక్కువ పట్టుటకై రైతులు క్లోర్‌మెక్వాట్ క్లోరైడు వాడుచుండిరి. అప్పుడు ఐరోపాలో దానికి హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాముగా నుండెను, అనగా 20 టన్నుల పండులో 1 గ్రాము. మన పరీక్షల జాబితాలో ఆ మందు లేదు. పరీక్షలో నెగ్గిన పండే అక్కడి రేవులలో నిలిచిపోయినది. రైతులును, ఎగుమతిదారులును చాల నష్టపోయిరి. తరువాత ఆ మందును జాబితాలో చేర్చిరి.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమి? కంప్యూటరు తనకు చెప్పినదానినే చూచును. తోటలో జరిగినదంతయు ఎరిగినవాడు రైతు ఒక్కడే. మొదటి లెక్క సరిగా లేనిచో, తరువాతి లెక్క లెన్ని యున్నను ప్రయోజనము లేదు.

కావున ఒక పుస్తకము పెట్టుకొనుడు. మందు చల్లిన నాడే తేదీ, మందు పేరు, అందలి అసలు రసాయనము, మోతాదు, చల్లిన కారణము వ్రాయుడు. సీసాపై పేరు మాత్రము చాలదు. ఒకే రసాయనము పలు పేర్లతో అమ్మబడుచున్నది. పెరుగుదల మందులను, ఆకుపై చల్లు పోషకములను కూడ విడువక వ్రాయుడు. మందు చల్లుటకు, కోతకు మధ్య ఉండవలసిన దినములను లెక్కించి, అవి గడువక కోయకుడు. అనుమతి జాబితాలో లేని మందును, ఇరుగు పొరుగు వారు వాడిరని వాడకుడు.

వైను తయారీకి పండు నిచ్చు రైతుకు కూడ ఇది వర్తించును. బూడిద తెగులుకై గంధకమును కోతకు దగ్గరగా చల్లినచో, పులియునప్పుడు వైనులో కుళ్లిన గుడ్డు వాసన పుట్టవచ్చును. చివరి గంధకము ఏనాడు చల్లితిరో పుస్తకమే చెప్పవలెను.

లెక్క వ్రాయువాడు మందు వృథాగా చల్లడు. ఖర్చు తగ్గును, నేలకును నీటికిని మేలు కలుగును. ఈ కత్తిరింపు నాడే పుస్తకము ప్రారంభింపుడు. అనుమతి గల మందుల తాజా జాబితాకై సమీపమందలి ఉద్యాన శాఖాధికారిని అడిగి తెలిసికొనుడు.