పార్కిన్సన్స్ రోగికి నడక కూడా ఔషధమే

పార్కిన్సన్స్ అనగానే వణికే చేతులే గుర్తుకు వస్తాయి. నిజానికి రోగిని ఎక్కువగా కుంగదీసేది కదలికల్లో మందకొడితనం, కండరాల బిగుతు, తూలిపడతామన్న భయం. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని ఉత్పత్తి చేసే కణాలు క్రమంగా నశించడమే ఇందుకు కారణం. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ రుగ్మతను వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి 85 లక్షల మందికి పైగా దీనితో జీవిస్తున్నారు.

జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. తెలుగు వినిపించే కోంటా, భోపాలపట్నం వంటి సరిహద్దు ప్రాంతాల వారికి పెద్దాసుపత్రి ప్రయాణమే ఒక పరీక్ష. వ్యాయామం మాత్రం వాకిట్లోనే సాధ్యం.

అమెరికాలో 128 మంది తొలిదశ రోగులపై జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. గుండె వేగం గరిష్ఠ స్థాయిలో 80 నుంచి 85 శాతానికి చేరేలా ట్రెడ్‌మిల్‌పై నడిచినవారి లక్షణాలు ఆరు నెలల తరువాత దాదాపు స్థిరంగా ఉన్నాయి. ఎప్పటిలాగే గడిపినవారిలో అవి పెరిగాయి. వ్యాధి నయమైందని దీని అర్థం కాదు. అయితే, తీరికగా వేసే నాలుగడుగులు చాలవని మాత్రం తెలుస్తోంది. వైద్యుల అనుమతితో, కాస్త ఆయాసం వచ్చేలా నడవాలి.

కొందరికి గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోయినట్లవుతాయి. అడుగుకు కావలసిన లయను మెదడు తనంతట తాను అందించలేనప్పుడు, బయటి లయ ఆ లోటును కొంత పూడుస్తుంది. చప్పట్లు, అంకెల లెక్క, ఫోన్‌లో పాట ఏదైనా సరే. డోలు దరువుకు ఊరంతా కలిసి అడుగేసే బస్తర్‌లో ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. నేలపై గీసిన అడ్డగీతలను దాటుతూ నడవడమూ ఉపకరిస్తుంది. వెనుదిరిగేటప్పుడు ఉన్నచోటే గిర్రున తిరగక, అర్ధచంద్రాకారంలో నడిచి మళ్లాలి.

ఈ అడవుల నేలకు సుపరిచితమైన దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది. పార్కిన్సన్స్‌కు వైద్యులు ఇచ్చే ప్రధాన ఔషధమూ అదే. అలాగని మోతాదు తెలియని గింజలను మాత్రలకు బదులుగా వాడటం ప్రమాదకరం.

మాత్ర ప్రభావం బాగా ఉన్న సమయంలోనే వ్యాయామం చేయాలి. లేచి నిలబడగానే కొందరికి రక్తపోటు పడిపోతుంది కనుక, మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. ఎండాకాలంలో తెల్లవారుజామునే నడక ముగించుకోవాలి. తొలినాళ్లలో ఇంటివారొకరు పక్కన ఉండాలి.