బుడిపెను చీల్చి చూశారా?

మీకు తెలుసా? పూత మీదున్న వేరుశనగ మొక్కను మట్టితో సహా పెకలించి, వేరు మీది బుడిపెను గోటితో చీలిస్తే పంట సంగతి కొంత తెలిసిపోతుంది. లోపల ఎర్రగా ఉంటే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టే. తెల్లగా ఉంటే ఆ పని జరగడం లేదు. ఆ ఎరుపు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్‌ది. నత్రజనిని మార్చే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. బ్యాక్టీరియాకేమో ఊపిరికి ఆక్సిజన్ కావాలి. అందుకే మొక్క ఈ ఎర్ర ప్రొటీన్‌ను తయారుచేసి, ఆక్సిజన్‌ను కొలిచినట్టు కొంచెం కొంచెమే అందిస్తుంది. నన్ను ఎక్కువగా అబ్బురపరిచేది ఈ ఏర్పాటే.

1880లలో జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్త్ నత్రజని లేని ఇసుకలో బఠానీ పెంచారు. పొలం మట్టి కలిపిన నీళ్లు పోస్తే మొక్కలు ఏపుగా పెరిగాయి. ఆ నీళ్లను మరిగించి పోస్తే వాడిపోయాయి. మట్టిలో ప్రాణమున్నదేదో సాయం చేస్తోందని అలా తేలింది. 1888లో నెదర్లాండ్స్‌కు చెందిన బైయరింక్ ఆ బ్యాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు.

ల్యాబులో రైజోబియాన్ని గుర్తించడానికి కాంగో రెడ్ రంగు కలిపిన పోషక పదార్థం వాడతారు. చాలా బ్యాక్టీరియాలు ఆ రంగును పీల్చుకుంటాయి, ఇది మాత్రం తెల్లగానే మిగులుతుంది.

వేరు ముందుగా ఫ్లేవనాయిడ్లు విడుదల చేసి పిలుస్తుంది. బ్యాక్టీరియా తనదైన రసాయనంతో బదులిస్తుంది. బఠానీలో అది వేరు నూగు గుండా లోపలికి వెళ్తే, వేరుశనగలో పక్కవేళ్లు పుట్టేచోట ఏర్పడే పగుళ్ల గుండా దూరుతుంది.

ఏ రకానికి ఏ బ్యాక్టీరియా అన్నదీ ముఖ్యమే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరీక్షల్లో ఎన్‌సీ 92 అనే బ్యాక్టీరియా రాబట్ 33-1 వేరుశనగకు దిగుబడి పెంచింది. మన రైతులు కదిరి-3గా ఎరిగిన రకం అదే.

ఇక విత్తనానికి పట్టించే రైజోబియం కల్చర్ ప్యాకెట్ సంగతి. అందులో ఉన్నవి ప్రాణులు కాబట్టి ఎండలో పెట్టకూడదు. విత్తనశుద్ధి మందులన్నీ పట్టించాక, చివర్లో బెల్లం నీళ్లతో కల్చర్ పట్టించి, నీడన ఆరబెట్టి, ఆ రోజే విత్తుకోవాలి. యూరియా మోతాదు మించితే బుడిపెలు తగ్గిపోతాయి.