పాత విద్యుత్ స్కూటరు మోటారుతో మరకు కదురు

విత్తనము మంచిదైనను జడ్డిగము సరిగా లేనిచో సాలు సరిగా రాదని కోడుమూరు, ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రంధ్రములలో నొకటి వెడల్పయి మఱొకటి యిఱుకైనచో, ఒక సాలున మొలకలు క్రిక్కిరిసియు మఱొక సాలున పలుచబడియు నుండును. నేర్పరియగు వడ్రంగి చేతిపనికి ఈ దోషము లేదు. కాని ట్రాక్టరు గొఱ్ఱులకు వలయు విత్తుపళ్ళెములు ఒకే కొలతతో పదులకొలది కావలసినపుడు చేతికొలత చాలదు. అట్టి పనికి తగినది అంకెల యాజ్ఞతో నడచు సీ.ఎన్.సీ. మర.

ఇట్టి మర అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1952లో ప్రదర్శింపబడెను. నేడు అభిరుచి గలవారు చిన్నదానిని ఇంటిలోనే కూర్చుకొనుచున్నారు. మూడు చిన్న మోటారులు పనిముట్టును కుడియెడమలకును, ముందువెనుకలకును, పైకి క్రిందికిని జరుపును. నాలుగవది బరమాను పట్టిన యిరుసును త్రిప్పును. ఈ యిరుసే కదురు. రాట్నపు కదురువలెనే ఇదియు ఊగినచో పని చెడును. ఈ నాలుగవ మోటారును క్రొత్తగా కొనుటకు మాఱుగా, మూలబడిన విద్యుత్ స్కూటరునుండి తీసికొనవచ్చునా యనునది ప్రశ్న.

తీసికొనవచ్చును, కాని దాని స్వభావ మెఱుగవలెను. అనేక స్కూటరులకు మోటారు వెనుకచక్రములోనే యుండును. చక్రపు చుట్టుకొలత 1.4 మీటర్లనియు, బండి గంటకు 42 కిలోమీటర్లు పోవుననియు అనుకొందము. అనగా నిమిషమునకు 700 మీటర్లు. చక్రము 500 చుట్లు తిరుగును. బలము మెండు, వేగము తక్కువ. కొయ్యను చెక్కు 6 మిల్లీమీటర్ల సన్నని పనిముట్టునకు నిమిషమునకు పదివేల చుట్లు మించి కావలెను. కావున సన్నని చెక్కడపు పనికి ఈ మోటారు తగదు. రంధ్రములు తొలుచుటకును, తరిమెన త్రిప్పుటకును మిక్కిలి యుపకరించును. చక్రము వెలుపల ప్రత్యేకముగ మోటారు గల బండ్లును గలవు. వాని మోటారులు వేలకొలది చుట్లు తిరుగునవి గాన కదురునకు మఱింత యనుకూలములు.

పనిముట్టును చక్రపు మోటారునకే తగిలింపరాదు. దాని బేరింగులు బండి బరువును మోయుటకు చేయబడినవి గాని, కోత యదురును సన్నని కొలతలో నిలుపుటకు చేయబడినవి గావు. మంచి బేరింగులతో కదురును వేఱుగ నిలిపి, మోటారునకు పెద్ద కప్పీ, కదురునకు దానిలో నాలుగవవంతు కప్పీ యమర్చి, బెల్టు వేయవలెను. అప్పుడు 500 చుట్లు 2,000 అగును. మెలిత్రిప్పు బలము మాత్రము నాలుగవ వంతగును. మోటారు నడిమి యిరుసు తిరుగకుండ దాని చదునైన ప్రక్కలను ఇనుప పట్టీతో గట్టిగ బిగింపవలెను. అది తిరిగినచో లోని తీగెలు తెగును. బండిమీద గాలి తగిలి చల్లబడు మోటారు నిలుకడగా నున్నచోట త్వరలో వేడెక్కును; ప్రక్కన పంకా యుండవలెను. లోపల అయస్కాంతము లుండుటచే ఇనుపరజను చేరకుండ మూత వేయవలెను.

బండి కంట్రోలరు సామాన్యముగ చుట్ల సంఖ్యను నిలుపదు. కోత బరువు పడగానే వేగము తగ్గును. కావున మెల్లగ కోయుట మంచిది. యాక్సిలరేటరు తీగె సుమారు 1 నుండి 4 వోల్టులకే లొంగునది గాన, సీ.ఎన్.సీ. పలకలోని 10 వోల్టుల తీగెను దానికి నేరుగ కలుపరాదు. ప్రమాదమున మరను ఆపుటకు చేతికందు స్విచ్చి యుండవలెను; అది డి.సి. విద్యుత్తునకు తగినదే కావలెను.

పాత బ్యాటరీ జోలికి మాత్రము పోవలదు. 2022లో విజయవాడలో ఇంటిలోనున్న స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒక ప్రాణము పోయినది. మోటారునకు తగిన వోల్టుల పవర్ సప్లై కొనుటయే క్షేమము. బ్రేకు వేసినపుడు విద్యుత్తును వెనుకకు పంపు ఏర్పాటు కంట్రోలరులో నున్నచో దానిని నిలిపివేయవలెను. లేనిచో పవర్ సప్లై చెడవచ్చును.

కొనునపుడు పరీక్ష సులభము. కంట్రోలరునుండి విప్పిన మోటారును చేత త్రిప్పిచూడుడు. మూడు లావు తీగెలు విడివిడిగ నున్నపుడు తేలికగ తిరిగి, రెండింటిని కలిపినపుడు బిగువుగ తిరుగవలెను. విడిగ నున్నను బిగిసినచో లోపల చుట్లు కాలినవో, బేరింగులు చెడినవో యని తలంపవలెను.

ఒక్క జడ్డిగము కొఱకు ఒక్క రైతు ఇంత సామగ్రి కూర్చుట తెలివిగాదు. ఊరి సభ్యులందఱి పని ఒకచోట చేరినపుడే ఇది గిట్టుబాటగును. 1938లో యెమ్మిగనూరు నేతగాండ్రు సహకార సంఘముగ నేర్పడుటలోని మర్మ మిదియే: ఒంటికి భారమైనది పదిమందికి తేలిక. సంఘముల వారు మొదట ఒక్క మోటారు తెచ్చి, ఎఱిగిన విద్యుత్ పనివానిచే నమర్పించి, ఊరి వడ్రంగిని దానికి పెద్దగా నుంచి, ఒక్క పళ్ళెము తొలిపించి చూతురుగాక. ఆ పళ్ళెముతో విత్తిన సాలు సరిగా మొలచిన పిమ్మటనే రెండవ రూపాయి వెచ్చించుట మేలు.