ఒక వేదిక – పలు మేళములు

ఒక ఒరలో రెండు కత్తు లిమడవని లోకోక్తి. కత్తుల విషయమున అది నిజమే. కాని పాటగాండ్ర విషయమున గూడ నిజమేనా? ఒకే రాత్రి, ఒకే వేదికపై, ఒకరికొకరు లోబడని నాలుగైదు మేళములు తమ తమ పాటలను వినిపించి, కలహము లేక విడిపోవుట సాధ్యమా? నేటి నగరములలో రాక్ బృందములు ఎదుర్కొనుచున్న ప్రశ్న ఇది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలకు మాత్రము ఇది కొత్త ప్రశ్న కాదు. అచ్చటి సభలును, భజనలును దీనికి ఏనాడో సమాధానములు వెదకినవి.

రాక్ సంగీతమును గూర్చి విద్యార్థులకు చెప్పనక్కరలేదు; ఉపాధ్యాయులకు రెండు మాటలు చెప్పవలెను. విద్యుత్తుతో మ్రోగు గిటార్లు, డ్రమ్ములు, బిగ్గరయైన గొంతు – ఇవి దాని సామగ్రి. నలుగురైదుగురు మిత్రులు కూడి, తమ పాటలను తామే కట్టుకొని, చలనచిత్రములను గాని రికార్డు కంపెనీలను గాని ఆశ్రయింపక పాడినచో వారిని స్వతంత్ర బృందమందురు. ఆ స్వాతంత్ర్యమునకు వెల యున్నది. సభాభవనపు అద్దెను, ధ్వనియంత్రముల అద్దెను ఒక చిన్న బృందము భరింపజాలదు. అందుచే మూడు నాలుగు బృందములు కలిసి ఒక సాయంకాలమును పంచుకొనును. డ్రమ్ములు, లౌడుస్పీకర్లు అందరికిని ఉమ్మడి. ఒక్కొక్కరికి అరగంటయో, ముప్పావు గంటయో వంతు. పేరు లేనివారు ముందు పాడుదురు. పేరు గలవారు తుదకు. పేరు గలవాని కొరకు వచ్చిన శ్రోత పేరు లేనివానిని గూడ వినును. ఈ యేర్పాటులోని మేలంతయు ఆ చివరి మాటలోనే యున్నది.

ఇట్టి కచ్చేరీలలో జగత్ప్రసిద్ధమైనది 1969 ఆగస్టులో అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రమందలి బెతెల్ కడ, ఒక పాడిరైతు పొలములో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవము. 32 మేళములు, నాలుగు లక్షలకు పైబడిన జనము. దారులన్నియు వాహనములతో నిండిపోగా, తొలుత పాడవలసినవారు వేళకు చేరలేకపోయిరి. అప్పుడు రిచీ హేవెన్స్ అను నల్లజాతి గాయకుడు వేదిక నెక్కెను. తెచ్చుకొన్న పాటలు అయిపోయెను. దిగుటకు వీలు లేదు. ఒక పాత భక్తిగీతమును ఆధారముగ గొని, ‘స్వేచ్ఛ’ యను ఒక్క మాటను మరల మరల పలుకుచు, అక్కడికక్కడే పాట కట్టి పాడెను. ఇతరుల వంతును నిలిపిన ఆ పాటయే ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినది.

మన దేశమున 1970, 1971 సంవత్సరములలో ‘సిమ్లా బీట్’ అను పోటీ పలు నగరముల యువబృందములను ఒకచోట చేర్చెను. 1986లో బొంబాయిలో ‘ఇండిపెండెన్స్ రాక్’ ఆరంభమయ్యెను. ఇటీవల హైదరాబాదులో చౌరస్తా వంటి బృందములు ఈ సంగీతమునకు తెలుగు మాటను, జానపదపు ఊపును కూర్చినవి.

హేవెన్స్ చేసిన పనిని తెలుగువారు ఆశుధార యందురు. ఆశుధార యనగానే కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ జ్ఞప్తికి వచ్చును. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ యని పేరు. అచ్చటి ప్రభువులు జరిపిన సభలకు దూరదేశముల నుండి పండితులు వచ్చుచుండిరి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు – ఈ మూడు సంస్థానములు కవులకు ఒక యాత్రామార్గమై యుండెను. తిరుపతి వేంకటకవులు వీనిని దర్శించినవారే. వారి రాజదర్శన పద్యములు ‘నానారాజసందర్శనము’గ వెలసినవి. ఆలోచించి చూచినచో జంటకవులు గూడ ఒక స్వతంత్ర మేళమే. ఊరూరు తిరిగి, అవధానములు చేసి, సంభావనలతో జీవించిరి. సభలో ఒక జంట ముగించిన తావున మరియొక జంట నిలిచెడిది.

అయితే ఆ వేదికకు రెండు లోపము లుండెను. ఎవరికి పిలుపు, ఎవరి ఆసన మెచ్చట, సంభావన యెంత యన్నది ప్రభువు చిత్తము. రెండవది స్పర్ధ. తిరుపతి వేంకటకవులకును, కొప్పరపు సోదరకవులకును నడచిన వివాదము తెలుగు విద్యార్థు లెరిగినదే. స్పర్ధ వలన పద్యమునకు పదును వచ్చుట నిజము. కాని ఓడినవాని పద్యమును విను ఓపిక సభకు లేకపోవుటయు నిజము. 1949 తరువాత సంస్థానములు లేవు. ఆ వేదికయు లేదు.

ప్రభువుతో పనిలేని వేదిక మరియొకటి పల్లెలలో కలదు. అది ఏకాహభజన. ఏకాహమనగా ఒక పగలు, ఒక రాత్రి. రామాలయము ముంగిటనో, ఆంజనేయుని గుడి కడనో చుట్టుప్రక్కల గ్రామముల భజనమండలులు కూడి వంతులు వేసికొందురు. నియమ మొక్కటే: నామము తెగరాదు. ఒక ఊరి మండలి లేచుచుండగనే రెండవ ఊరి మండలి తాళము లందుకొని, మొదటివారి చివరి పలుకును ఎత్తుకొనవలెను. హార్మోనియము అదే, డోలకు అదే. చేతులు మాత్రమే మారును. మొదటివారు లయను జారవిడిచినచో తరువాతివారికి కష్టము. కావున తన వంతును చక్కగ ముగించుట యనగా ఎదుటివానికి మేలుచేయుటయే. నడిరేయి దాటిన వంతు అన్నిటికంటె కష్టమైనది, వినువారు కునుకుచుందురు. ఆ వంతును నవ్వుచు పుచ్చుకొన్న మండలికి ఊరివారు తెల్లవారిన పిదప ముందుగ కాఫీ అందించినచో, అది ఏ శాలువకును తీసిపోదు.

కాని ఈ వంతులలోను అందరికి చోటు లేకపోయెను. నాగర్‌కర్నూలు సీమలో కిన్నెర యను వాద్యము కలదు. వెదురు దండి, దాని క్రింద ఎండిన సొరకాయ బుర్రలు, మైనముతో నిలిపిన మెట్లు, తీగ – ఇంతే దాని నిర్మాణము. తరతరములుగ దక్కలి కుటుంబములు దీనిని కాపాడినవి. ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు ఈ తీగపైననే బ్రతికినవి. అంటరానితనము కారణముగ ఆ కళాకారులు ఊరి వెలుపలనే పాడవలసివచ్చెను. గుడి ముంగిటి వంతు వారిదాక రాలేదు.

లింగాల మండలమందలి అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పండ్రెండు మెట్ల కిన్నెరను దేశమునకు వినిపించెను. 2021లో ఒక చలనచిత్రగీతమున ఆయన గొంతు మ్రోగెను. 2022లో భారతప్రభుత్వము పద్మశ్రీతో గౌరవించెను. అయినను 2024లో ఆయన కూలిపని చేయుచున్నట్లు పత్రికలలో వచ్చినది. ఆ సంవత్సరముననే నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ ప్రకటింపబడెను. ఈ గౌరవములు తగినవే. ఆలస్యముగ వచ్చినవి గూడ. కాని గౌరవము ఒక వ్యక్తిని ఒకనాడు నిలబెట్టును. కళను నిలబెట్టునది నెలనెల వచ్చు వంతు, ఆ వంతునకు కూర్చుండు శ్రోత, ఆ శ్రోతలలో నుండి లేచు శిష్యుడు. శిష్యుడు లేని వాద్యము గోడకు వ్రేలాడును.

ఈ సీమకే చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఈ రహస్యము నెరిగినవారు. తెలంగాణమున కవులు లేరను మాట వినిపించినప్పుడు ఆయన తన గొప్పతనమును చాటుకొనలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి, 354 మంది కవులను ఒక్క అట్టల నడుమ కూర్చుండబెట్టెను. అందు పండితు డున్నాడు, పల్లె కవి యున్నాడు. ఒక్క కవి నిలిచి తానున్నానన్నచో లోకము నమ్మకపోవచ్చును. 354 మంది వరుసగ నిలిచినచో కాదనుట కెవరికి తరము?

ఈ పని పాఠశాల వార్షికోత్సవమున గూడ చేయవచ్చును. అదే వేదికపై అరగంట కిన్నెర, అరగంట ఊరి భజనమండలి, అరగంట గిటారు నేర్చిన విద్యార్థుల బృందము. ముందు ఎవరు, వెనుక ఎవరు అన్నది చీట్లు వేసి నిర్ణయింపవచ్చును. మైకు అందరికి నొక్కటే. పారితోషికము కళాకారునికి ముందుగనే ముట్టవలెను. గిటారు కొరకు వచ్చిన బాలుడు కిన్నెర వినును. కిన్నెర కొరకు వచ్చిన తాత గిటారు వినును. వారిలో ఒక్క బాలుడు ఇంటికి పోవుచు సొరకాయ బుర్రను గూర్చి తండ్రి నడిగినను, ఆ సాయంకాలము వృథా కాలేదు.

కత్తికి ఒర యిరుకే. స్వరమునకు వేదిక ఎన్నడును ఇరుకు కాదు. ప్రక్కకు జరుగు మనసుండవలెను.