దూరం ఎంత అంటే గంటలు చెప్తాం

తెలుగులో ‘ఎంత దూరం?’ అని అడిగితే మైళ్ళలో చెప్పేవారు తక్కువ. ‘ఒక పూట ప్రయాణం’, ‘అరగంట నడక’ అంటాం. మనకు కొలతలు లేక కాదు. నాలుగు క్రోసులు ఒక ఆమడ, అంటే సుమారు 8 మైళ్ళు. ప్రాంతాన్ని బట్టి హెచ్చుతగ్గులున్నాయి. కన్నడంలో గావుద ఇటువంటిదే. అయినా వాడుకలో కాలమే దూరానికి కొలబద్ద. బస్సుకూ రైలుకూ ఈ అలవాటు చక్కగా సరిపోతుంది. విమానం దగ్గర మాత్రం తికమక పెడుతుంది.

బెంగుళూరు తూర్పున ఉన్న మహదేవపురలో తెలుగు కుటుంబాలు అనేకం. వాళ్ళ పిల్లలు కొందరు శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో ఉంటారు. ఇంట్లో పెద్దవారికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు అందరూ అడిగేది ఒక్కటే: ‘అబ్బాయి ఎప్పటికి చేరతాడు?’ ‘శనివారం రాత్రి ఎక్కితే సోమవారం దిగుతాడు’ అని జవాబు వస్తే, రెండు రోజులా అని గుండె జారుతుంది. లెక్క వేసి చూద్దాం. చలికాలంలో రెండు చోట్లకూ తేడా 13 గంటల 30 నిమిషాలు (వేసవిలో ఒక గంట తక్కువ). అక్కడ శనివారం రాత్రి 8:30 అంటే ఇక్కడ ఆదివారం ఉదయం 10. ఆగకుండా వచ్చే విమానానికి 17 గంటలు వేసుకుంటే సోమవారం తెల్లవారుజామున 3కి దిగుతాడు. ఎదురుచూసే ఇంటికి అది ఒక పగలు, ఒక రాత్రి మాత్రమే. తిరుగు ప్రయాణం ఇంకా వింత: ఇక్కడ సోమవారం మధ్యాహ్నం 2కి ఎక్కినవారు అక్కడ సోమవారం సాయంత్రం 5:30కే దిగుతారు. మూడున్నర గంటల ప్రయాణమని ఎవరూ భ్రమపడరు గాని, టిక్కెట్టు చూస్తే అలాగే ఉంటుంది!

ఇక దూరం. ఈ రెండు నగరాల మధ్య సుమారు 14,000 కిలోమీటర్లు, అంటే వెయ్యి ఆమడల పైమాట. భూమి చుట్టుకొలతలో మూడో వంతు కన్న కొంచెం ఎక్కువ. గోడమీది పటంలో దారి పసిఫిక్ మీదుగా అడ్డంగా పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద దారం లాగి పట్టుకుంటే ఉత్తర ధ్రువం దాపుల నుంచి పోతుంది. రెండు ఊళ్ళూ భూగోళానికి దాదాపు ఎదురెదురు వైపుల ఉండడమే కారణం. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదటి సర్వీసు శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగానే బెంగుళూరు చేరింది. నడిపినవారందరూ మహిళలు.

దగ్గర దారే త్వరగా చేరుస్తుందనీ అనుకోరాదు. పైన పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. 2016 అక్టోబరులో ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానం అట్లాంటిక్ మీది 13,900 కిలోమీటర్ల దారి వదిలి, పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు పోయింది. దూరం 1,400 పెరిగింది, కాలం సుమారు రెండు గంటలు తగ్గింది. గాలి వెనక నుంచి తోసిన ఫలం అది.

నేరుగా పోయే విమానం ఎల్లప్పుడూ దొరకదు. మధ్యలో మారవలసివస్తే 20 గంటలు దాటుతుంది. నేలమీది దూరం కూడా కలపాలి. 2008 మే వరకు విమానాశ్రయం మహదేవపురకు చేరువనే, హెచ్.ఎ.ఎల్. దగ్గర ఉండేది. ఇప్పుడు దేవనహళ్ళి దాకా పోవాలి. తెల్లవారుజామున 3కి దిగినవారు వెలుతురు వచ్చేలోగా ఇల్లు చేరవచ్చు. సాయంత్రం 6కి దిగినవారి సంగతి మేము చెప్పలేము.